పింఛను ఆపుతామని నోటీసు వచ్చింది, వకీలును పెట్టుకోవాలా?

మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెబుతాను. కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో ఉండే మీ అన్నకు 41 ఏళ్లు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు దెబ్బతింది. ఇరవై ఏళ్ల వయసు నుంచి రెండు చెవులూ సరిగ్గా వినపడవు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాడు. వైకల్యం ఎంత శాతమో చెప్పే పాత సదరం సర్టిఫికెట్లో 58 శాతం ఉంటే, ఈమధ్య మళ్లీ పరీక్ష చేసి 36 శాతం వేశారు. నెలకు 6 వేల పింఛను ఆపుతున్నట్టు నోటీసు ఇచ్చారు. అందులో అప్పీలుకు 30 రోజుల గడువు ఉంది, 12 రోజులు గడిచిపోయాయి. ఒక మధ్యవర్తి 25 వేలు ఇస్తే శాతం పెంచిస్తానని ఇంటికి వచ్చాడు. మీరు బెంగళూరులో పనిచేస్తున్నారు, అమ్మ ఒక్కతే అన్నను చూసుకుంటోంది. వకీలును పెట్టుకుని కోర్టుకు పోవాలా, అంత డబ్బు ఎక్కడి నుంచి తెచ్చేది అని అడిగారు.

నేను పదహారేళ్లుగా అనంతపురంలో వకీలుగా ఉన్నాను. అందులో చాలా కాలం, ఉచితంగా వకీలును ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీళ్ల జాబితాలో (ప్యానెల్లో) పనిచేశాను. పింఛను కాగితాలు పట్టుకుని కోర్టు మెట్లెక్కే వాళ్లను వందల మందిని చూశాను. అందుకే మీకు కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదటి మాట, ఆ మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. మీ అన్నది నిజమైన వైకల్యం. డబ్బిచ్చి తెచ్చుకున్న సర్టిఫికెట్టుతో ఆ నిజం కూడా అబద్ధమైపోతుంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 91వ సెక్షన్ ఉంది. వికలాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. రేపు ఇంకోసారి వెరిఫికేషన్ జరిగితే ఆ మధ్యవర్తి ఎక్కడా కనపడడు, సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీ అన్నే.

రెండో మాట, వకీలు ఖర్చు మీకు ఉండదు. ఈ సంగతి తెలియక ఎంతమంది గొర్రెలు, కమ్మలు, ముక్కుపుడకలు అమ్ముకున్నారో చెప్పలేను. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ఎవరెవరికి ఉచితంగా వకీలును ఇవ్వాలో చెబుతుంది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు ఆ జాబితాలో ఉన్నారు. వీళ్లకు ఆదాయ పరిమితి లేదు. మీరు బెంగళూరులో జీతం తీసుకుంటున్నారని మీ అన్నకు కాదనరు. ఇందులో ఇంకో చిక్కు కూడా లేదు: చట్టం ప్రకారం న్యాయ సేవ అంటే కోర్టు కేసు ఒక్కటే కాదు, వేరే అధికారి ముందు జరిగే విచారణకు సాయం, సలహా కూడా అందులోకే వస్తాయి. అంటే ఎంపీడీఓకు (మండల అభివృద్ధి అధికారికి) పెట్టుకునే అప్పీలును కూడా వకీలు చేత ఉచితంగా రాయించుకోవచ్చు. చాలామంది కోర్టు దాకా పోతేనే ఉచిత వకీలు వస్తాడనుకుని, గడువు దాటిపోయాక మా దగ్గరికి వస్తారు.

మీకు దగ్గర్లో కళ్యాణదుర్గం కోర్టులోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. జిల్లా సంస్థ అనంతపురంలో జిల్లా కోర్టు ఆవరణలో ఉంది. కర్నూలు, కడప వాళ్లకు కూడా వాళ్ల జిల్లా కోర్టులోనే ఉంటుంది. తెల్ల కాగితం మీద పేరు, ఊరు, సమస్య నాలుగు వాక్యాల్లో రాసినా దరఖాస్తే. రాయడం రాకపోతే అక్కడి సిబ్బంది గానీ పారా లీగల్ వాలంటీర్లు గానీ రాసిపెడతారు. ఆధార్, పాత సదరం సర్టిఫికెట్టు, కొత్త రిపోర్టు, నోటీసు, రేషన్ కార్డు, వీటి జిరాక్స్ కాపీలు చాలు. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇచ్చి రావద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి. మీ అన్న కదల్లేకపోతే అమ్మ వెళ్లొచ్చు. ఎవరూ వెళ్లలేకపోతే 15100కి ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థ టోల్ ఫ్రీ నంబరు. మీరు బెంగళూరు నుంచే మాట్లాడి సంగతి చెప్పొచ్చు.

ప్యానెల్ వకీలు మీ దగ్గర ఫీజు అడగకూడదు. టైపింగుకని, స్టాంపులకని, రానుపోను ఖర్చులకని అడిగినా ఇవ్వొద్దు. ఎవరైనా అడిగితే జిల్లా సంస్థ కార్యదర్శికి ఒక కాగితం రాసివ్వండి. ఆ కుర్చీలో ఉండేది ఒక జడ్జి. వకీలు ఫోన్ ఎత్తకపోయినా, పని ముందుకు పోకపోయినా మార్చమని అడిగే హక్కు మీకుంది. నా తోటి వకీళ్లు ఇది చదివి బాధపడొచ్చు, అయినా చెబుతున్నాను. ఉచితంగా వచ్చిన వకీలని నోరు మూసుకుని కూర్చున్నవాళ్ల కేసులే ఎక్కువగా పాడైపోవడం చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ అన్న కేసు కోర్టులో కన్నా ఆసుపత్రిలో తేలాల్సిన కేసు. పింఛనుకు 40 శాతం కావాలి, ఆయనకు వేసింది 36. ఏ జడ్జీ కూర్చుని కాలు కొలిచి శాతం వేయడు. కాబట్టి వకీలు మీకు చేయాల్సిన మొదటి పని ఆ 36 ఎలా వచ్చిందో కాగితం మీదికి తెప్పించడం.

మీరు రాసిన దాంట్లో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. కాలు పరీక్ష చేశారని రాశారు, చెవుల పరీక్ష గురించి ఒక్క ముక్క లేదు. మీ కొత్త రిపోర్టు తీసి చూడండి. అందులో ఎముకల డాక్టరు వేసిన శాతం ఒక్కటే ఉండి వినికిడి గురించి ఏమీ లేకపోతే, మీ అప్పీలుకు ప్రాణం అక్కడే ఉంది. ఒకరికి రెండు రకాల వైకల్యాలుంటే కలిపి లెక్కకట్టే పద్ధతి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. రెండింటినీ మామూలుగా కూడరు. పెద్ద శాతాన్ని ముందు తీసుకుంటారు. 90లో నుంచి దాన్ని తీసేసి, మిగిలిన దాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగిస్తారు. వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. మీ అన్న కాలికి 36 అనుకుందాం, చెవులకు 20 వచ్చిందనుకుందాం. 90లో 36 పోతే 54. 54ను 20తో గుణించి 90తో భాగిస్తే 12. 36కు 12 కలిపితే 48. చెవులకు 10 శాతమే వచ్చినా 6 కలిసి 42 అవుతుంది. చెవులకు ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో చెప్పేది డాక్టర్లే. కానీ చూడకుండా వదిలేసిన చెవులను చూడమని అడగడం మీ హక్కు.

ఇలాంటిదే ఉరవకొండ వైపు ఒక పెద్దాయన సంగతి. ఫ్లోరైడు నీళ్ల వల్ల నడుము వంగిపోయింది, కళ్లు కూడా బాగా దెబ్బతిన్నాయి. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన క్యాంపులో నడుము ఒక్కటే చూసి పంపించారు. ఆయనకు తన కంటిచూపు గురించి చెప్పాలని తోచలేదు, వాళ్లూ అడగలేదు. మేము అప్పీలులో రాసింది ఒకటిన్నర పేజీ. ఈయనకు రెండు వైకల్యాలున్నాయి, ఒక్కటే పరిశీలించారు, రెండో దానికి నిపుణుడి పరీక్ష చేయించి కలిపి లెక్కకట్టండి, అంతే. మళ్లీ పిలిచారు, శాతం 40 దాటింది. కోర్టు గుమ్మం తొక్కలేదు.

అలాగని అందరికీ దారి దొరుకుతుందని చెప్పను. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగున్నవాళ్లకు ఆ మార్గదర్శకాల ప్రకారం వచ్చేది 30 శాతం. వేరే వైకల్యం లేకపోతే వాళ్లను ఎన్ని ఆఫీసుల చుట్టూ తిప్పినా 40 రాదు. అలాంటివాళ్లకు నేను మొదటి రోజే చెప్పేస్తాను. ఆశ పెట్టి తిప్పడం పాపం. ఆ మనిషి ఒంటరి మహిళో, వయసు పైబడ్డవాళ్లో అయితే వేరే పింఛనుకు అర్హత ఉందేమో చూస్తాను.

మళ్లీ పరీక్షకు పిలిచినప్పుడు ఏం చేయాలో జాగ్రత్తగా వినండి, ఇది పుస్తకాల్లో ఉండదు. మన సీమ మనుషులకు పౌరుషం ఎక్కువ. డాక్టరు నడవమనగానే నొప్పి పంటికింద పెట్టుకుని, చేతికర్ర పక్కన పడేసి, నాలుగడుగులు నిటారుగా నడిచి చూపిస్తారు. ఇంట్లో గోడ పట్టుకుని దొడ్డికి పోయే మనిషి అక్కడ మాత్రం ఏం ఫర్వాలేదు సార్ అంటాడు. మీ అన్నకు ముందే చెప్పండి, ఎక్కువ చేసి చూపించొద్దు, తక్కువ చేసీ చూపించొద్దు. ఎంతసేపు నిలబడగలడు, మిషన్ ఏ కాలితో తొక్కుతాడు, మెట్లు ఎలా ఎక్కుతాడు, ఎన్నిసార్లు పడిపోయాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రోజూ వాడే కర్ర, కాలికి కట్టుకునే క్యాలిపర్, వినికిడి మిషన్ ఏదుంటే అది వెంట తీసుకుపోవాలి. చెవులు వినపడని మనిషి డాక్టరు అడిగిందానికి అర్థం కాకపోయినా తల ఊపుతాడు. కాబట్టి పక్కన ఒకరు తప్పనిసరిగా ఉండాలి. కుదిరితే ఆ రోజుకు మీరు సెలవు పెట్టి రండి. ఈ లోపల అనంతపురం పెద్దాసుపత్రిలో చెవి విభాగానికి తీసుకుపోయి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించి రిపోర్టు దగ్గర పెట్టుకోండి. వినికిడి నరాన్ని చూసే బెరా టెస్టు రాస్తే అది కూడా చేయించండి. పోలియోకు పాత ఆసుపత్రి కాగితాలు ఎవరి దగ్గరా ఉండవు. పాత సర్టిఫికెట్టు, బస్ పాసు, బడిలో ఇచ్చిన కాగితం, ఏది దొరికితే అది కట్టలో పెట్టండి.

ఇక అప్పీలు. పల్లెల్లో ఎంపీడీఓకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు పెట్టుకోవాలి. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుకు చెప్పాం, ఆయన చూసుకుంటానన్నాడు అని మీరు రాశారు. ఆ పిల్లవాడు మంచివాడే కావచ్చు. అయినా నోటిమాటకు విలువ లేదు. అప్పీలు రెండు ప్రతులు తీసుకుపోయి ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో సహా ఆఫీసు స్టాంపు, సంతకం వేయించుకోండి. వేయనంటే అక్కడ గొడవ పెట్టుకోవద్దు, నేరుగా పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో పంపించండి. ఆ రసీదును అమ్మ చేత బియ్యం డబ్బాలో దాపెట్టించండి, తడవని చోట. కొన్నేళ్ల కిందట రాయదుర్గం వైపు నుంచి వచ్చిన ఒకామె కేసులో నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆమె మూడుసార్లు ఆఫీసుకు పోయింది, మూడుసార్లూ చూస్తాంలే అన్నారు. కాగితం ఒక్కటీ లేదు. గడువు దాటాక అసలు నువ్వు రానే లేదన్నారు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

2025 ఆగస్టులో నోటీసులు వెళ్లినప్పుడు అప్పీలు చేసుకున్నవాళ్లకు తేలేదాకా పింఛను కొనసాగింది. కాబట్టి మీ అప్పీలులో చివర ఒక వాక్యం తప్పకుండా రాయండి, ఈ అప్పీలు తేలేవరకు పింఛను ఆపకుండా ఇవ్వమని కోరుతున్నాను అని. అడగని కోరికను ఏ అధికారీ తీర్చడు. వైకల్య సర్టిఫికెట్టు విషయంలో వచ్చిన నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కును 2016 చట్టం 59వ సెక్షన్ ఇచ్చింది. దాన్ని కూడా ప్రస్తావించమని మీ వకీలుకు చెప్పండి.

వారం పది రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే గ్రీవెన్స్‌కు పోండి. అక్కడ అర్జీ నంబరు ఇస్తారు, 1100కి ఫోన్ చేసి అది ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవచ్చు. దాంతోపాటు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. మా అన్న పరీక్షలో ఏ డాక్టరు ఏ భాగానికి ఎంత శాతం వేశారో ఆ షీటు కాపీ ఇవ్వండి, అంతే అడగండి. ఎందుకు తగ్గించారు అని అడిగితే మాకు తెలియదని జవాబు వస్తుంది, కాపీ అడిగితే ఇవ్వాలి. 30 రోజుల్లో సమాధానం చెప్పాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు.

హైకోర్టు సంగతి. అవసరం పడితే పోవచ్చు, భయపడాల్సింది లేదు. అప్పీలు పెట్టి ఎన్ని రోజులైనా తేల్చకపోయినా, నోటీసు ఇవ్వకుండా, మీ మాట వినకుండా పింఛను కోసేసినా రిట్ పిటిషన్ వేయొచ్చు. హైకోర్టు అమరావతిలో ఉంది, మన అనంతపురం నుంచి రాత్రంతా ప్రయాణం. కానీ మీ అన్న అక్కడికి పోవాల్సిన పని ఉండదు. జిల్లా సంస్థలో దరఖాస్తు ఇస్తే హైకోర్టు న్యాయ సేవల కమిటీకి పంపిస్తారు, అక్కడ వాళ్లే వకీలును ఇస్తారు. సంతకాలు ఇక్కడే పెట్టి పంపొచ్చు. అయితే హైకోర్టు మామూలుగా ఇచ్చేది, ఇన్ని వారాల్లో ఈ అప్పీలు తేల్చండి, మళ్లీ పరీక్ష చేయించండి అనే ఆదేశమే. అంటే తిరిగి ఆసుపత్రికే వస్తారు. అందుకే మొదటి అడుగులోనే కోర్టుకు పరుగెత్తొద్దని చెబుతున్నాను. అప్పీలు పెట్టిన రసీదు, గ్రీవెన్స్ నంబరు, సమాచార హక్కు జవాబు చేతిలో ఉంటే హైకోర్టులో మీ కేసు పది నిమిషాల్లో అర్థమవుతుంది. అవేవీ లేకపోతే ముందు ఆ ఆఫీసుకు పోయిరమ్మనే అవకాశమే ఎక్కువ.

ఇది చదివే వేరేవాళ్లలో శాతం గొడవ లేకుండానే పింఛను ఆగినవాళ్లు ఉంటారు. నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు వాడారనో, లేని భూమి ఉందనో, ఇంట్లో కారు ఉందనో కంప్యూటర్ చెబుతుంది. అన్నదమ్ములు వేరుపడినా ఒకే మీటరు ఉండటం, ఎవరి పొలమో మీ ఆధార్‌కు ఎక్కడం, ఎప్పుడో అమ్మేసిన బండి ఇంకా మీ పేరునే ఉండటం, ఎక్కువగా ఇవే కారణాలు. వీటికి వకీలు అక్కర్లేదు. సచివాలయంలో ఏ కారణం చూపిస్తోందో ప్రింటు తీయించుకుని, ఆ శాఖలో తప్పు దిద్దించుకుంటే సరిపోతుంది. బెంగళూరుకో బళ్లారికో పనికి పోయి ఒకటో తేదీకి ఊళ్లో లేనివాళ్లు కూడా టెన్షన్ పడొద్దు, రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి తీసుకోవచ్చు. మూడో నెల కూడా తప్పితే మాత్రం వలస పోయినట్టు లెక్కేస్తారు.

మంచం మీద నుంచి లేవలేనివాళ్లు, చక్రాల కుర్చీకే పరిమితమైనవాళ్లు 15 వేల పింఛను నుంచి 6 వేలకు మారిస్తే, వాళ్లకూ ఇదే అప్పీలు. అలాంటి మనిషిని ఆటోలో కుక్కి ఆసుపత్రికి తేవొద్దు. ఇంటి దగ్గరే చూడమని అప్పీలులోనే రాయించండి, వకీలు చేత గట్టిగా అడిగించండి.

తమ్ముడూ, మీకు మిగిలింది 18 రోజులు. రేపే అమ్మ చేత నోటీసు, కొత్త రిపోర్టు రెండు వైపులా ఫోటోలు తీయించి తెప్పించుకోండి. వినికిడి కాలమ్ ఖాళీగా ఉందో, సున్నా వేశారో చూసి కింద రాయండి. ఖాళీగా ఉంటే అప్పీలు ఒకరకంగా రాయాలి, సున్నా వేసి ఉంటే ఇంకోరకంగా. పేరు, ఆధార్ నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి. కళ్యాణదుర్గం కోర్టుకు అన్నను తీసుకుపోయే రోజున నోటీసు వచ్చిన కవరు కూడా పారేయకుండా తీసుకుపొమ్మని అమ్మకు చెప్పండి. గడువు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్న వివాదం వస్తే దాని మీదున్న తేదీ పనికొస్తుంది.